ఉద్యోగంలో ఉన్న నర్సుకు డిగ్రీ చదువు: కుటుంబం తెలుసుకోవలసిన సంగతులు

ఆసుపత్రిలో మీ పేషెంటు మంచం దగ్గరకు డాక్టరుగారు రోజుకు ఒకటి రెండుసార్లు వస్తారు. మిగిలిన సమయమంతా మీకు కనబడేది సిస్టరే. సెలైను మార్చేది, సూది వేసేది, అర్ధరాత్రి లేచి జ్వరం చూసేది, భయపడుతున్న మీకు ధైర్యం చెప్పేది ఆమే. అయినా ఆ సిస్టరు ఏం చదివింది, ఎన్నేళ్ళు చదివింది, ఇంకా చదవవలసింది ఉందా అని మనం సాధారణంగా అడగము.

మీ ఇంట్లోనో, బంధువుల్లోనో నర్సింగ్ చదివిన ఒక అమ్మాయి ఉండే ఉంటుంది. జి.ఎన్.ఎం. పూర్తి చేసి, తాండూరులోనో వికారాబాద్‌లోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగంలో చేరగానే "ఇక చదువు అయిపోయింది" అని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. రెండేళ్ళు తిరగక ముందే ఆమె "బి.ఎస్సీ. నర్సింగ్ చేస్తాను" అంటుంది. అక్కడ మొదలవుతాయి ప్రశ్నలు. ఉద్యోగం వచ్చాక మళ్ళీ చదువెందుకు? జీతం ఆగిపోతే ఇల్లెట్లా గడుస్తుంది? పెళ్ళి సంగతేమిటి? ఈ ప్రశ్నలు అడగడం తప్పు కాదు. కానీ జవాబులు తెలుసుకోకుండా "వద్దు" అనేస్తే ఆ అమ్మాయి నష్టపోతుంది. రేపు ఆమె చేతికి వచ్చే రోగులు కూడా నష్టపోతారు.

నర్సుల చదువులో మెట్లు

తెల్ల దుస్తులు వేసుకున్న వారందరినీ మనం "నర్సమ్మ" అనే పిలుస్తాం. కాని వారి చదువులు వేరు వేరు.

ఎ.ఎన్.ఎం.: రెండేళ్ళ కోర్సు. ఊళ్ళో సబ్‌సెంటరులో పిల్లలకు టీకాలు వేసేది, గర్భిణుల పేర్లు నమోదు చేసేది ఈ చదువు చదివినవారే.

జి.ఎన్.ఎం.: డిప్లొమా కోర్సు. ఇదివరకు మూడున్నరేళ్ళు ఉండేది. 2015లో సిలబస్ మారిన తర్వాత ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి మూడేళ్ళు అయింది. ఇది పాసై నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్నవారిని రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అంటారు.

బి.ఎస్సీ. నర్సింగ్: నాలుగేళ్ళ డిగ్రీ. దీనికి ఇంటర్‌లో బై.పి.సి. తప్పనిసరి.

పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్: అప్పటికే జి.ఎన్.ఎం. చేసి రిజిస్టర్డ్ నర్సు అయినవారికి మాత్రమే ఉండే డిగ్రీ. కాలేజీకి వెళ్ళి చదివితే రెండేళ్ళు. ఈ వ్యాసం ముఖ్యంగా దీని గురించే.

ఒక సంగతి గమనించండి. బై.పి.సి. కాకుండా వేరే గ్రూపుతో ఇంటర్ చదివిన అమ్మాయికి నాలుగేళ్ళ బి.ఎస్సీ.లో సీటు రాదు. కాని జి.ఎన్.ఎం.లో చేరవచ్చు. పల్లెల్లో సైన్సు గ్రూపు చదివే వీలు లేకపోయిన పిల్లలు చాలామంది ఈ దారినే నర్సులు అయ్యారు. అటువంటివారికి డిగ్రీ తలుపు మూసుకుపోలేదు. జి.ఎన్.ఎం. మూడేళ్ళు, పోస్ట్ బేసిక్ రెండేళ్ళు, మొత్తం ఐదేళ్ళ చదువుతో వారు కూడా పట్టభద్రులు కావచ్చు. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నారన్నది జీవితాంతం అడ్డు కాకూడదంటే ఉన్న దారి ఇదే.

ఎ.ఎన్.ఎం. చేసినవారు మాత్రం నేరుగా పోస్ట్ బేసిక్‌కు వెళ్ళలేరు. ముందు జి.ఎన్.ఎం. పూర్తి చేయాలి.

ఈ చదువు ఎప్పటి నుంచి ఉంది?

మన దేశంలో నర్సింగ్‌లో డిగ్రీ చదువు 1946లో రెండుచోట్ల మొదలైంది. ఒకటి ఢిల్లీలో, రెండవది వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో. వెల్లూరులో డాక్టర్ ఐడా స్కడర్ 1909లోనే నర్సుల శిక్షణ పాఠశాల ప్రారంభించారు. ఆడపిల్లను నర్సుగా పంపడానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోని రోజులవి. అప్పటికే పనిలో ఉన్న డిప్లొమా నర్సులకు డిగ్రీ ఇచ్చే రెండేళ్ళ కోర్సు 1960లలో తిరువనంతపురంలో మొదలైంది. 1994లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, మనం ఇగ్నో అనే సంస్థ, ఉద్యోగం చేస్తూనే ఈ డిగ్రీ చదివే ఏర్పాటు చేసింది.

డిగ్రీ వల్ల రోగికి ఏం లాభం?

కుటుంబాలు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది. కాగితం ఒకటి పెరిగినంత మాత్రాన సూది నొప్పి తగ్గదు కదా!

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులను పరిశీలించి లిండా ఎయికెన్ అనే నర్సింగ్ ఆచార్యురాలు, ఆమె బృందం 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆపరేషన్ చేయించుకున్న రోగుల వివరాలు అందులో చూశారు. ఆసుపత్రిలో డిగ్రీ ఉన్న నర్సుల శాతం 10 పెరిగితే, 30 రోజుల లోపల రోగి చనిపోయే అవకాశం 5 శాతం తక్కువగా ఉన్నట్టు తేలింది. 2014లో తొమ్మిది ఐరోపా దేశాల్లో 300 ఆసుపత్రులు, 4 లక్షలకు పైగా రోగుల వివరాలతో చేసిన అధ్యయనంలోనూ ఇదే ధోరణి కనిపించింది. అక్కడ ఆ తగ్గుదల 7 శాతం. ఒక్కొక్క నర్సు చూసుకోవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగినా చావు ముప్పు 7 శాతం పెరిగిందని కూడా అదే అధ్యయనం చెప్పింది. అంటే చదువు ఒక్కటే చాలదు, వార్డులో తగినంతమంది నర్సులు కూడా ఉండాలి. ఇవి పరాయి దేశాల లెక్కలే. అయినా రోగి శరీరం ఎక్కడైనా ఒక్కటే.

ఇది ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక తల్లికి ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. వార్డుకు తెచ్చారు. బి.పి. బాగానే ఉంది. కాని నాడి నిమిషానికి 80 నుంచి 110కి, తర్వాత 120కి పెరిగింది. ఇంట్లోవాళ్ళు "బి.పి. బాగుందట" అని నిశ్చింతగా ఉంటారు. శరీరంలో రక్తం పోతున్నప్పుడు ముందు గుండె వేగం పెంచి శరీరం సర్దుకుంటుంది. బి.పి. పడిపోయేది ఆ తర్వాతే. ఈ సంగతి తెలిసిన నర్సు బి.పి. పడేదాకా ఆగదు. గర్భసంచి గట్టిపడిందో లేదో చూస్తుంది, రక్తస్రావం ఎంతయిందో చూస్తుంది, వెంటనే డాక్టరును పిలుస్తుంది. ఆ అరగంటలోనే ఒక ప్రాణం నిలవవచ్చు.

జి.ఎన్.ఎం. సిస్టరుకు ఇది తెలియదని కాదు. మన ఆసుపత్రులు నడుస్తున్నది ఎక్కువగా వారి చేతుల మీదే. కాని పనిలో చూసిన దానికి "ఎందుకిలా అవుతుంది?" అన్న కారణం తెలిసినప్పుడు అనుమానం తొందరగా వస్తుంది. డాక్టరుకు ఫోనులో చెప్పేటప్పుడు కూడా "ఏదోలా ఉంది సార్" అనకుండా, ఏం మారింది, ఎంత మారింది, ఎప్పటి నుంచి అని వివరంగా చెప్పగలుగుతుంది. డిగ్రీ చదువు ఇచ్చే బలం అది.

ఇందులో ఏం చదువుతారు?

మొదటి సంవత్సరం: సూక్ష్మజీవశాస్త్రం, పోషకాహారం, జీవరసాయన శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, తల్లుల సంరక్షణ, శిశు సంరక్షణ, మెడికల్ సర్జికల్ నర్సింగ్, ఇంగ్లీషు మొదలైనవి.

రెండవ సంవత్సరం: సమాజ శాస్త్రం, సామాజిక ఆరోగ్య నర్సింగ్, మానసిక ఆరోగ్య నర్సింగ్, నర్సింగ్ బోధన, వార్డు నిర్వహణ, పరిశోధన, గణాంకాలు.

"గణాంకాలు నర్సుకెందుకు?" అనిపించవచ్చు. ఒక నెలలో వార్డులో ఎంతమందికి ఆపరేషన్ కుట్లు చీము పట్టాయి, పోయిన నెల కన్నా పెరిగాయా తగ్గాయా అని లెక్క కట్టి కారణం వెతకాలంటే అవే కావాలి.

సామాజిక ఆరోగ్య నర్సింగ్ మన ప్రాంతానికి చాలా అవసరమైనది. తాండూరు, యాలాల్ చుట్టుపక్కల నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు ఉన్నాయి. రాతి దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చినవారికి ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ జబ్బు రావచ్చు. అటువంటివారికి క్షయ సోకే ప్రమాదం కూడా ఎక్కువ. దగ్గుతో వచ్చిన మనిషిని "ఏం పని చేస్తావు? ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నావు?" అని అడగడం, ఇంటికి వెళ్ళి మిగతావారిని కూడా పరీక్షకు పంపడం ఈ చదువు నేర్పుతుంది. ఆ పని మన ఊరి భాష, మన ఊరి పని తెలిసిన నర్సు చేస్తే మరింత బాగా చేస్తుంది.

చదవడానికి రెండు దారులు

ఒకటి, కాలేజీలో రెండేళ్ళు. తెలంగాణలో ఈ కోర్సుకు ప్రవేశాలు, పరీక్షలు, డిగ్రీ అన్నీ వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం చూస్తుంది. రాష్ట్రం విడిపోకముందు చదివినవారి పట్టాలు విజయవాడలోని ఎన్.టి.ఆర్. విశ్వవిద్యాలయం పేరుతో ఉంటాయి. రెండూ చెల్లుతాయి. ఏ కాలేజీలో సీట్లు ఉన్నాయి, వయసు ఎంత ఉండాలి, ఫీజు ఎంత అన్నది ఏటా వచ్చే ప్రకటనలో చూసుకోవాలి. ఈ దారిలో చదువు మీదే దృష్టి పెట్టవచ్చు, త్వరగా అయిపోతుంది. కాని ఆ రెండేళ్ళు జీతం ఉండదు. యాలాల్ నుంచి హైదరాబాద్‌కు రోజూ తాండూరు రైలులో వెళ్ళి రావడం ఈ చదువుకు కుదిరే పని కాదు. హాస్టలు ఖర్చు లెక్క వేసుకోవాలి.

రెండు, ఇగ్నో ద్వారా. ఉద్యోగం మానకుండా కనీసం మూడేళ్ళు చదవాలి. ఇంటర్, జి.ఎన్.ఎం. చేసినవారికి రిజిస్ట్రేషన్ తర్వాత రెండేళ్ళ అనుభవం కావాలి. పదవ తరగతి తర్వాత జి.ఎన్.ఎం. చేసిన పాతతరం వారికి ఐదేళ్ళ అనుభవం కావాలి. ప్రవేశ పరీక్ష రాయాలి. "దూరవిద్య కదా, ఇంట్లో కూర్చుని చదివేయవచ్చు" అనుకోకండి. నిర్ణయించిన నర్సింగ్ కాలేజీకి వెళ్ళి ప్రాక్టికల్స్ చేయాలి. జీతం ఆగదు కాని డ్యూటీ, ఇల్లు, పుస్తకం మూడూ ఒకేసారి మోయాలి.

ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే అయితే రెండవ దారి మంచిది. పసిబిడ్డ ఉండి, నైట్ డ్యూటీలు చేస్తూ, చదువు కూడా అంటే ఆరోగ్యం దెబ్బతింటుంది. అటువంటప్పుడు ఒక ఏడాది ఆగడమో, కాలేజీ దారి పట్టడమో మేలు. ఇది ఆమె ఒక్కతే తేల్చుకోవలసిన విషయం కాదు. అలాగని ఆమెను అడగకుండా మీరు తేల్చవలసిందీ కాదు.

డబ్బు లెక్క

ఒక కాగితం తీసుకుని రెండు వరుసలు రాయండి. ఒకవైపు రెండేళ్ళ జీతం, ఫీజు, హాస్టలు, పుస్తకాలు, యూనిఫారం, ప్రయాణాలు. రెండవవైపు డిగ్రీ తర్వాత తెరుచుకునే ఉద్యోగాలు. అప్పు చేయవలసి వస్తే వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్ళే ముందు బ్యాంకులో విద్యా రుణం అడగండి. ఫీజు రీయింబర్స్‌మెంట్, ఉపకార వేతనం మీ అమ్మాయికి వర్తిస్తాయో లేదో సీటు తీసుకునే ముందే కాలేజీలో కనుక్కోండి. చేరిన తర్వాత అడిగితే లాభం ఉండదు.

ఇప్పుడు పని చేస్తున్న ఆసుపత్రి ఒరిజినల్ సర్టిఫికెట్లు తన దగ్గర పెట్టుకుందేమో కూడా ముందే చూసుకోండి. చివరి తేదీ నాడు సర్టిఫికెట్లు చేతిలో లేక సీటు పోగొట్టుకోకూడదు. ప్రభుత్వ సర్వీసులో ఉన్నవారు శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి.

డిగ్రీ తర్వాత ఏమవుతుంది?

ఆసుపత్రిలో వార్డు బాధ్యతలు, ఇన్‌ఫెక్షన్ నివారణ, కొత్త నర్సులకు శిక్షణ వంటి పనులకు డిగ్రీ ఉన్నవారిని ఎంచుకుంటారు. నర్సింగ్ పాఠశాలల్లో ట్యూటరుగా చేరవచ్చు. ఎం.ఎస్సీ. నర్సింగ్ చదవాలంటే బి.ఎస్సీ. ఉండి తీరాలి. జి.ఎన్.ఎం.తో నేరుగా వెళ్ళడానికి లేదు.

ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసరు పరీక్షకు డిప్లొమా ఉన్నవారిని కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం అడుగుతారు. పోస్ట్ బేసిక్ డిగ్రీ ఉన్నవారికి ఆ షరతు లేదు. మన రాష్ట్రంలో ప్రభుత్వ నర్సు ఉద్యోగానికి జి.ఎన్.ఎం. ఉన్నా సరిపోతుంది. కాబట్టి "డిగ్రీ లేకపోతే సర్కారు ఉద్యోగమే రాదు" అని ఎవరైనా భయపెడితే నమ్మకండి.

2023లో వికారాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. వైద్య విద్యార్థులు చదువుకునే పెద్ద ఆసుపత్రి దగ్గరలో ఉన్నచోట బాగా చదివిన నర్సుల అవసరం కూడా పెరుగుతుంది. మన అమ్మాయిలు మన జిల్లాలోనే పని చేసే అవకాశం ఇది.

మోసపోకండి

నర్సింగ్ చదువుకు గిరాకీ ఉన్నచోట దళారులు కూడా ఉంటారు. "కాలేజీకి రానక్కరలేదు, పరీక్ష నాడు వస్తే చాలు", "ఏడాదిలో డిగ్రీ ఇప్పిస్తాం", "పక్క రాష్ట్రంలో మా వాళ్ళు చూసుకుంటారు" అని చెబుతారు. నియమాల ప్రకారం ఈ కోర్సులో ప్రతి సబ్జెక్టులో 80 శాతం హాజరు లేకుండా పరీక్షకు కూర్చోనివ్వరు. పట్టా ఇచ్చేలోగా ప్రాక్టికల్స్ నూటికి నూరు శాతం పూర్తి కావాలి. హాజరు లేని నర్సింగ్ డిగ్రీ అంటూ ఉండదు. దూరవిద్యలో ఇగ్నో తప్ప వేరే ఏ సంస్థ ఇచ్చే నర్సింగ్ డిగ్రీని భారత నర్సింగ్ కౌన్సిల్ గుర్తించదు.

మన ప్రాంతం కర్ణాటక సరిహద్దున ఉంది. చాలామంది అటువైపు వెళ్ళి జి.ఎన్.ఎం. చేస్తారు. అది తప్పు కాదు. కాని అక్కడ రిజిస్టరైనవారు తెలంగాణలో పని చేయాలంటే అక్కడి కౌన్సిల్ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి, హైదరాబాద్‌లోని తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు చేయించుకోవాలి. పోస్ట్ బేసిక్‌కు దరఖాస్తు చేసే ముందే ఈ పని పూర్తి చేసుకోవాలి. దీనికి సమయం పడుతుంది.

డిగ్రీ పూర్తయిన తర్వాత ఆ అదనపు అర్హతను కూడా కౌన్సిల్‌లో నమోదు చేయించాలి. నర్సింగ్ చదువులను, వృత్తిని క్రమబద్ధం చేయడానికి 1947 నాటి చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. కాబట్టి నియమాలు మారవచ్చు. నాలుగేళ్ళ కింద చదివిన బంధువు మాట మీద కాకుండా ఈ ఏటి ప్రకటన చూసి అడుగు వేయండి.

ఇంట్లోవాళ్ళు చేయగల సాయం

నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోతే అది బద్ధకం కాదు. చదువుకునే నర్సుకు కావలసినది రోజుకు రెండు గంటలు ఎవరూ పిలవని చోటు. ఆ రెండు గంటలు వంట, పిల్లలు, పెద్దవాళ్ళ మందులు మరొకరు చూసుకోవాలి. భర్త చూసుకోవచ్చు, అత్తగారు చూసుకోవచ్చు, తమ్ముడు చూసుకోవచ్చు. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడే "మా అమ్మాయి డిగ్రీ చదువుతుంది" అని ముందే చెప్పుకుంటే తర్వాత గొడవ ఉండదు.

పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివిన అమ్మాయి మొదటి నెలల్లో కంగారు పడుతుంది. "నీవల్ల కాదులే" అనే మాట ఆ సమయంలో అనకండి. వార్డులో ఆమె చేతులు చేసిన పనే పుస్తకంలో వేరే మాటల్లో ఉంటుంది. మెల్లగా అర్థమవుతుంది. ఇదంతా మగ నర్సులకు కూడా వర్తిస్తుంది. అబ్బాయిలు కూడా ఈ కోర్సు చేయవచ్చు.

గుర్తుంచుకోండి

* పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ.కి జి.ఎన్.ఎం., కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెండూ కావాలి.
* కాలేజీలో రెండేళ్ళు, ఇగ్నో ద్వారా కనీసం మూడేళ్ళు.
* హాజరు అక్కరలేదన్నవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.
* ఫీజు కట్టే ముందు కాలేజీకి, కోర్సుకు గుర్తింపు ఉందో లేదో విశ్వవిద్యాలయంలో, నర్సింగ్ కౌన్సిల్‌లో అడిగి తెలుసుకోండి.
* ఒరిజినల్ సర్టిఫికెట్లు, రిజిస్ట్రేషన్ పత్రం, అనుభవ పత్రం ముందుగా సిద్ధం చేసుకోండి.
* డిగ్రీ వచ్చాక కౌన్సిల్‌లో నమోదు మరచిపోకండి.

మీ పేషెంటును చూసుకుంటున్న సిస్టరు కూడా ఒకరి ఇంటి అమ్మాయే. ఆ ఇంట్లోవాళ్ళు చదవనిచ్చారు కాబట్టి ఆమె ఈ రోజు మీకు అక్కరకు వచ్చింది. మీ ఇంటి అమ్మాయిని మీరు చదవనిస్తే, రేపు మరొక కుటుంబానికి ఆమె అలాగే అక్కరకు వస్తుంది.